కొండల్లో రోజుల తరబడి నడక, మధ్యలో గాలివాన: మీరేం చేశారు?

మబ్బుదారి
వచ్చే నెల ఇద్దరం కలిసి తొమ్మిది రోజుల నడక పెట్టుకున్నాం. అందులో మూడు రోజులు దాదాపు రిడ్జ్ మీదే, అంటే కొండ వెన్ను వెంబడే. పోయినసారి రెండో రోజు మధ్యాహ్నం ముసురు పట్టింది, నాలుగో రోజుకి కూడా వదల్లేదు. బ్యాగ్ మీద రెయిన్ కవర్ ఉంది కదా అని ధీమాగా ఉన్నా. ఈదురుగాలికి అది కాస్తా ఎగిరి లోయలోకి పోయింది. రాత్రి స్లీపింగ్ బ్యాగ్ పిండితే నీళ్లు! నడక మధ్యలోనే ఆపేసి దిగిపోయాం. సామాన్ల లిస్ట్ వద్దండీ, అది ఎక్కడైనా దొరుకుతుంది. మీకు ఎదురైంది చెప్పండి.

పాతచెప్పులు
కవర్‌ని నమ్మొద్దు. ఎగిరిపోకపోయినా వీపు వైపు నుంచి కారిన నీళ్లు దాని అడుగున మడుగు కడతాయి. నేను బ్యాగ్ లోపల మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి, అన్నీ అందులో పెట్టి, మూతి మెలితిప్పి కట్టేస్తా. బ్యాగ్ తడిస్తే తడవనీ.

ఇంకోటి. ఒక జత బట్టలు, ఒక జత ఊలు సాక్సులు పడుకోవడానికే. పగలు వాటి జోలికి పోను. పొద్దున్నే ఆ పొడి బట్టలు విప్పి, చల్లగా ఒంటికి అతుక్కునే నిన్నటి తడి చొక్కా తొడుక్కోవడం ఉంది చూశారూ, ఏడుపొస్తుంది. పది నిమిషాలు నడిస్తే సర్దుకుంటుంది. ఒక్కసారి బద్ధకించి పొడివి వేసుకునే బయల్దేరా. ఆ రాత్రి పడ్డ పాట్లు రాయను.

మబ్బుదారి
రాయండి సార్, అడిగిందే అందుకు :)

పాతచెప్పులు
సరే. పదకొండింటికల్లా అవీ తడిశాయి. రాత్రి పళ్లు టకటకలాడుతుంటే పొయ్యి టెంట్ లోపలే వెలిగించబోయా. తోటివాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. మూసిన టెంట్‌లో పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన కూడా ఉండదు. వాడే బయట వానలో గొడుగులా వంగి నీళ్లు కాచి సీసాలో పోసిచ్చాడు. దాన్ని పొట్టకి హత్తుకుని తెల్లార్లూ కూర్చున్నా.

జారుడురాయి
మంచు పడితేనే చలి దెబ్బ అనుకుంటారు. మాకు తగిలింది 8 డిగ్రీల్లో. వాన, గాలి, లోపల చెమట. మాతో వచ్చినతను బ్యాగ్ ఛాతీ బకిల్ పెట్టుకోలేకపోతున్నాడు. వేళ్లు దాని మీదే తిరుగుతున్నాయి, క్లిక్ మాత్రం పడట్లేదు. "ఏంట్రా" అంటే విసుక్కున్నాడు, మాట కొంచెం ముద్దగా వచ్చింది. "నాకేం కాలేదు, పదండి" అన్నాడు. అదృష్టం, మేం పదలేదు. అక్కడే టెంట్ వేసి, తడి బట్టలు విప్పించి, పొడి బట్టలతో స్లీపింగ్ బ్యాగ్‌లోకి దూర్చి, మింగగలుగుతున్నాడని చూసుకున్నాకే వేడివేడిగా తీపి నీళ్లు పట్టించాం. కుదుటపడటానికి గంటన్నర.

శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా. థర్మామీటర్ ఎవరి దగ్గరుంటుంది? తడబడే చేతుల్ని, మాటని చూడాలి. ఇంకా చల్లగా ఉన్న మనిషికి వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని సంబరపడకండి. అది ముదిరిందని గుర్తు.

ఏడోమేకు
టెంట్ సంగతి నేను చెప్తా. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలు. అందుకే టెంట్ సన్నటి వైపు గాలికి ఎదురుగా పెట్టాలి. నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది. సాయంత్రం ఎంత బిగించినా రాత్రికి వదులై పటపటా కొట్టుకుంటుంది, లేచి మళ్లీ తాళ్లు బిగించాల్సిందే. చదునుగా ముద్దొచ్చే పల్లం కనిపిస్తే ఆశపడొద్దు, అర్ధరాత్రి నీళ్లన్నీ అక్కడికే చేరతాయి.

రిడ్జ్‌రాజు
పిడుగులకి ఒకటే మందు బ్రో: చేతిలో నడక స్టిక్స్ పారేసి గొంతుక్కూర్చోవడం. లోహం పిడుగుని లాగుతుంది.

లెక్కలక్క
రాజు గారూ, లోహం లాగదండి. ఎత్తుగా, విడిగా ఉన్నదాని మీద పడే అవకాశం ఎక్కువ, రిడ్జ్ మీద ఆ ఎత్తు మనమే. గొంతుక్కూర్చోవడం వేరే దారి లేనప్పుడు చేసే పని, దాన్ని రక్షణ అనుకోవద్దు. ముందే కిందికి దిగాలి.

మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లు అంటే సుమారు కిలోమీటరు. 30 లోపు వచ్చిందంటే ఎక్కడమాపి దిగడమే. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాల దాకా మళ్లీ పైకి వెళ్లొద్దు. ఒంటరి చెట్టు కింద, గుహ మూతి దగ్గర నిలబడొద్దు. నేలలో పాకే కరెంటుతో దెబ్బతినేవాళ్లే ఎక్కువ, కాబట్టి ఇద్దరూ దూరదూరంగా ఉండండి.

రిడ్జ్‌రాజు
సరే అక్కా, ఇన్నాళ్లూ తప్పు చెప్తున్నానన్నమాట.

వాగుపిలుపు
వాగుల గురించి ఎవరూ అనలేదేం? పొద్దున మోకాలి లోతున్నది వానకి సాయంత్రం నడుం దాకా వస్తుంది. దాటేటప్పుడు నడుం బెల్టు విప్పేయండి, పడితే బ్యాగ్ వదిలించుకోవాలి కదా. వెడల్పుగా, పాయలుగా చీలిన చోట లోతు తక్కువ. నీళ్లు బురద రంగులో ఉండి, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వినిపిస్తే దిగొద్దు. వాన ఆగితే చిన్న వాగులు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి.

కనుమ5416
నా పేరులో అంకె నేపాల్లోని థొరాంగ్ లా అనే కనుమ ఎత్తు, మీటర్లలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. దాని శేషమే 14న నేపాల్లో మంచు తుఫానై అన్నపూర్ణ దారిలో, ఈ కనుమ చుట్టుపక్కల, 40 మందికి పైగా చనిపోయారు. అంత దూరాన ఉన్న తుఫాను మన నడక దాకా వస్తుందని ఎవరనుకుంటారు? అప్పట్నుంచి నేను ఆ ఒక్క లోయ వాతావరణమే కాకుండా పెద్ద మ్యాప్ కూడా చూస్తా.

ప్లాన్‌లో రెండు ఖాళీ రోజులు పెట్టుకోండి. తిరుగు టికెట్ కోసం కనుమ ఎక్కేవాళ్లని చూశా, నేనూ ఎక్కా ఒకసారి. ఇంకో చిట్కా: వాచీలో ఆల్టిమీటర్ (గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపేది) ఉంటే పడుకునే ముందు ఎత్తు రాసుకోండి. కదలకుండానే తెల్లారేసరికి 50, 60 మీటర్లు పెరిగిందంటే గాలి పీడనం పడిపోతోందని, వాతావరణం చెడబోతోందని అర్థం.

మబ్బుదారి
అమ్మో, పోయినసారి అదే జరిగింది! పొద్దున వాచీ 70 మీటర్లు ఎక్కువ చూపిస్తే పాడైందనుకుని సరిచేసి బయల్దేరా.

తొమ్మిది రోజుల్ని పదకొండు చేశాం. రిడ్జ్ మీది మూడు రోజులకీ ఎక్కడెక్కడ దిగొచ్చో కాగితం మ్యాప్ మీద గుర్తులు పెడుతున్నా, తడి వేళ్లకి ఫోన్ పలకదు కాబట్టి. ఆదివారం టెంట్ వేసి పైపుతో నీళ్లు కొట్టి చూస్తాం. లోపల పడుకునేది ఎవరన్న దాని మీదే ఇద్దరికీ గొడవ.

ఏడోమేకు
ఇద్దరూ పడుకోండి. నీళ్లు కొట్టడానికి మూడోవాణ్ని పిలవండి, ఆ పనికి ఎవరూ కాదనరు.