సీజన్‌కు 45 రోజులే ఉంది, మామిడి కాటా సాఫ్ట్‌వేర్ పూర్తి కాలేదు: మనుషులను పెంచాలా?

ప్రశ్న (తిరుపతి)

అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. గేటు దగ్గర టోకెన్, కాటా చీటీ, రైతుల ఖాతాలు, చెల్లింపులు, యజమాని ఫోనులో రోజువారీ లెక్కలు వగైరా మొత్తం 14 అంశాలు ఒప్పుకున్నాం. జనవరిలో మొదలుపెట్టాం. మార్చి మొదటి వారంలో 90 శాతం అయిందని చెప్పాను. ఏప్రిల్ సగం దాటింది, ఇప్పటికీ 90 దగ్గరే ఉన్నాం. జూన్ మొదట్లో తోతాపురి బండ్లు వస్తాయి. "ఇంకో ముగ్గురిని పెట్టుకోండి, జీతాలు నేనిస్తాను" అంటున్నారు యజమాని. పెట్టుకోమంటారా?

జవాబు (రేణిగుంట)

వద్దు. కొత్తగా వచ్చే ముగ్గురికి పని నేర్పేది ఎవరు? మీ నలుగురిలో ఇద్దరు. అంటే నెల రోజులు మీరు ఇద్దరే. పైగా నలుగురి మధ్య మాట్లాడుకోవలసిన జంటలు 6, ఏడుగురైతే 21. మనవాళ్లు మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నది దీనికీ సరిపోతుంది. ఐబీఎం కంపెనీలో సిస్టమ్/360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను జోడిస్తే అది మరింత ఆలస్యమవుతుందని. ఇచ్చే డబ్బును కాదనడం కష్టమే. అయినా కాదనండి.

జవాబు (చిత్తూరు)

రెండు సీజన్లు ఇలాంటి చోటే పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ చిక్కు మనుషుల కొరత కాదు తమ్ముడూ, 14 అంశాలనూ ఒకే రోజుకు సిద్ధం చేయాలనుకోవడం. ఒక కాగితం మీద ఒక్కో అంశం పక్కన "ఇది మొదటిసారి ఏ రోజు అవసరం" అని రాయండి. మొదటి ట్రాక్టరు గేటులోకి వచ్చిన రోజు కావలసినవి టోకెన్, కాటా చీటీ, రైతు పేరూ ఊరూ మాత్రమే. చెల్లింపులు ఆ రోజే జరగవు కదా, దానికి ఇంకా వ్యవధి ఉంటుంది. సీజన్ మొత్తం లెక్కలు ఆగస్టు మాట. యజమాని ఫోనులో చూసుకునే లెక్కను మొదటి వారం ఒక గుమాస్తా సాయంత్రానికి మెసేజ్‌లో పంపినా లోకం మునిగిపోదు.

ధర విషయంలో జాగ్రత్త. 2025 సీజన్‌లో తోతాపురికి కిలోకు 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయమైంది. ఒక రైతుకు రెండు వైపుల నుంచి డబ్బు వస్తుందని జనవరిలో కూర్చుని ఎవరు ఊహిస్తారు? అందుకే చీటీ మీద బరువు వరకే ఉంచండి. ధరను తేదీతో సహా వేరే పట్టికలో పెట్టండి. రేపు మారినా పాత చీటీలను ముట్టుకోనక్కరలేదు.

ఇక అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది కాటా యంత్రం. దాన్ని కంప్యూటర్‌కు కలిపే సీరియల్ పోర్ట్ నుంచి అంకెలు వరదలా వస్తూనే ఉంటాయి. ట్రాక్టరు ఎక్కిన వెంటనే పలక ఊగుతుంది, అప్పుడు చదివిన బరువు తప్పు. అంకె కొన్ని క్షణాలు నిలకడగా ఉంటేనే తీసుకోవాలి. దీన్ని అసలు కాటా మీదే పరీక్షించారా? లేక మీ గదిలో నకిలీ అంకెలతోనా?

ప్రశ్న అడిగినవారు

నకిలీ అంకెలతోనే అన్నా. కాటా చివర్లో చూద్దామనుకున్నాం.

జవాబు (చిత్తూరు)

అందుకే 90 దగ్గర ఆగిపోయారు. మీకు తెలిసిన పనంతా ముందు చేసేసి, తెలియనిదాన్ని చివరికి నెట్టారు. రేపే వెళ్లండి. ఇకపై శాతాలు చెప్పకండి. మీలో ఎవరూ పక్కన నిలబడకుండా కాటా గుమాస్తా తనంతట తాను చీటీ కొడితే ఆ పని అయినట్టు, లేకపోతే కానట్టు. మధ్యలో ఇంకో మెట్టు లేదు. మొదటి పది రోజులు పాత పుస్తకంలో రాయడం కూడా మానవద్దని చెప్పండి. కరెంటు పోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

జవాబు (చంద్రగిరి)

ఒక చిన్న మాట. 45 రోజులు అంటున్నారు. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉంది. తిరుపతి పిల్లలు ఆ వారం కంప్యూటర్ ముందు కూర్చుంటారా? ఆదివారాలు కూడా తీసేసి ఎంత మిగులుతుందో లెక్కవేసుకుని, తర్వాత యజమానితో మాట్లాడండి. ఆయనతో "ఆలస్యమవుతుంది" అనకండి. "జూన్ 1కి ఇవి మూడు, జూలైలో చెల్లింపులు, ఆగస్టులో మిగతావి" అని కాగితం ముందు పెట్టండి. తేదీలు చూపిస్తే వ్యాపారులు వింటారు, సాకులు చెబితేనే కోపం.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత)

యజమాని గంటసేపు గొణిగి, చివరికి ఒప్పుకున్నారు. ఫోనులో లెక్క మాత్రం జూన్‌లోనే కావాలన్నారు, అది సిద్ధమయ్యేదాకా సాయంత్రం మెసేజ్‌తో సరిపెట్టుకుంటామన్నారు. నిన్న కాటా దగ్గర గుమాస్తా గారి చేత చీటీ కొట్టించాం. మేం బయట వేపచెట్టు కింద నిలబడ్డాం. బరువు నిలకడగానే వచ్చింది. కానీ మొదటి చీటీలోనే ఖాళీ బండి బరువు నిండు బండి గడిలో పడింది, నికర బరువు మైనస్‌లో వచ్చింది. ఆయన్ను ఏమనగలం? రెండు గడులూ పక్కపక్కనే, ఒకే రంగులో పెట్టింది మేమే. రంగులు మార్చమంటారా?

జవాబు (చిత్తూరు)

రంగు మారిస్తే రెండు రోజులు బాగుంటుంది, రాత్రి రెండు గంటల వేళ మళ్లీ అదే తప్పు. అసలు గడి ఎంచుకునే పనే ఆయనకు పెట్టకండి. బండి నంబరు కొట్టగానే, ఆ బండికి నిండు తూకం ఇంకా నమోదు కాకపోతే ఇప్పటిది నిండు తూకం, ముందే ఉంటే ఇప్పటిది ఖాళీ తూకం. నిండు బరువు కన్నా ఖాళీ బరువు ఎక్కువైతే చీటీ ముద్రణే కాకూడదు. అరపూట పని.