అమ్మాయి బరోక్ వయొలిన్ అంటోంది, తిండి పెడుతుందా?

ఎడిసన్ నాన్న:

నమస్కారం అండీ. మాది గుడివాడ. పాతికేళ్లుగా న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 21 ఏళ్లు, ఇక్కడే పుట్టింది. ఆరో ఏట నుంచి వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది, వచ్చే మే నెలకి బ్యాచిలర్స్ అయిపోతుంది. ఇంజనీరింగ్ వద్దన్న రోజు నుంచి సర్దుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. సరే, ఏదో ఒక సింఫనీ ఆర్కెస్ట్రాలో నెల జీతం మీద కుదురుకుంటుందిలే అని మనసుకి నచ్చజెప్పుకున్నాను.

పోయిన వేసవిలో ఒబెర్లిన్‌లో బరోక్ (మూడు వందల ఏళ్ల కిందటి యూరప్ సంగీతం) కోర్సుకి వెళ్లొచ్చింది. అంతే! వచ్చీరాగానే వయొలిన్‌కి గడ్డం ఆనించుకునే చిన్ రెస్ట్ పీకేసింది, స్టీలు తీగలు తీసేసి గొర్రె పేగుతో చేసినవి కట్టింది. మా అత్తగారికి ఆ సంగతి తెలిసి, దసరాకి దేవుడి గదిలో వాయించనివ్వలేదు. ఇప్పుడు మాస్టర్స్ కూడా అందులోనే చేస్తానంటోంది. న్యూయార్క్‌లో జూలియార్డ్, నెదర్లాండ్స్‌లో హేగ్, స్విట్జర్లాండ్‌లో బాసెల్ అని మూడు పేర్లు చెబుతోంది.

మూడు వందల ఏళ్ల కిందటి పద్ధతిలో వాయించేవాళ్లకి ఇవాళ ఉద్యోగం ఎవరిస్తారండీ? ఈ దారిలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

కూకట్‌పల్లి కుర్రాడు:

అంకుల్, డేటా సైన్స్ సర్టిఫికెట్ ఒకటి చేయించి పక్కన పెట్టండి. బరోక్ శని, ఆదివారాల్లో.

హేగ్ వియోలా:

అన్నయ్యగారూ, నేను హేగ్‌లో ఉంటాను, బరోక్ వియోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, మంద్రంగా పలుకుతుంది) వాయిస్తాను. విజయనగరం అమ్మాయిని. మహారాజా సంగీత కళాశాలలో కర్ణాటక వయొలిన్ డిప్లొమా చేసి, చెన్నైలో వెస్టర్న్ మొదలుపెట్టి, ఆ పిచ్చిలోనే ఇక్కడ తేలాను. పద్నాలుగేళ్లయింది. వరసగా కాదు గానీ గుర్తొచ్చినట్టు చెబుతాను.

ముందు ఉద్యోగం అనే మాట మరిచిపోండి. మామూలు సింఫనీలో ఆడిషన్ నెగ్గితే జీతం, పెన్షన్ ఉంటాయి. బరోక్ ఆర్కెస్ట్రాల్లో ఆ పద్ధతి దాదాపు లేదు. లండన్‌లో 1986లో మొదలైన ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఏజ్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్‌ని పెట్టుకున్నది వాయించేవాళ్లే, నడిపేదీ వాళ్లే. ఫ్రైబుర్గ్ బరోక్ ఆర్కెస్ట్రాదీ అదే తీరు. మిగతా చోట్ల మనం కూలికి వెళ్లినట్టే వెళ్తాం. "మార్చి 9 నుంచి 22 దాకా ఖాళీయేనా?" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క వస్తుంది. గంటలో జవాబివ్వకపోతే అదే ముక్క ఇంకొకరికి వెళ్తుంది.

ఇది ఇవాళ్టి కష్టమూ కాదు. ఈ దారి వేసినవాళ్లలో పెద్దాయన నికొలాస్ హార్నన్‌కోర్ట్ 1953లో వియెన్నాలో సొంత బృందం కాన్‌సెంటస్ మ్యూజికస్ పెట్టాడు. మొదటి కచేరీలు చేయడానికే 1957 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడూ ఆ తరవాతా, 1969 దాకా, వియెన్నా సింఫనీలో చెల్లో (కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) వాయిస్తూ జీతం తెచ్చుకున్నాడు. బృందంలో మొదటి వయొలిన్ ఆయన భార్య ఆలిస్. ఇక్కడ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇదే దారిలో పేరున్న ఆన్నర్ బైల్స్మా కూడా 1962 నుంచి 1968 దాకా కాన్సెర్ట్‌ఖెబౌ ఆర్కెస్ట్రాలో ప్రధాన చెల్లో. కాబట్టి మీ అమ్మాయిని మామూలు వయొలిన్ వదిలేయనివ్వకండి. వదిలేస్తానంటే మాత్రం కోప్పడండి. ఆ ఒక్క విషయంలో మీకు నా పూర్తి మద్దతు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు అడగాల్సింది ఏ వాయిద్యం అని కాదు, ఏ ఊళ్లో ఉంటుందని. ఈ పనికి సంతలాగా కొన్ని ఊళ్లున్నాయి. నా బతుకే చూడండి. నెదర్లాండ్స్‌లో ఈస్టర్ ముందు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన మత్తయి పాషన్ (ఏసు శిలువ కథ) వాయించని ఊరుండదు. మనకి శ్రీరామనవమి పందిళ్లు ఎలాగో అలాగన్నమాట. కాన్సెర్ట్‌ఖెబౌలో 1899 నుంచి ఆ ఆనవాయితీ ఉంది. నార్డెన్ ఊరి పెద్ద చర్చిలో ఏటా వాయించడానికే 1921లో బాఖ్ సొసైటీ పుట్టింది. ఊళ్లలో ఔత్సాహికుల కోరస్‌లు కూడా పాషన్ పెట్టుకుంటాయి, వాటికి వాయించేవాళ్లు కావాలి. పోయిన ఏడాది ఆ మూడు వారాల్లో నేను 14 సార్లు వాయించాను, ఒక్కోటి రెండున్నర గంటల పైనే. చివరికొచ్చేసరికి నిద్రలో కూడా కోరస్ వినిపిస్తుంది. కానీ నా మూడు నెలల అద్దె ఆ మూడు వారాల్లోనే వస్తుంది. హేగ్, ఉట్రెక్ట్, ఆమ్‌స్టర్‌డామ్ అన్నీ రైల్లో గంటలోపే. రాత్రి కచేరీ అయ్యాక ఇంటికొచ్చి నా మంచం మీద నేను పడుకుంటాను. ఇదే వాయింపుతో ఇంకో దేశంలో ఉంటే హోటల్ బిల్లులకే సరిపోయేది.

జనవరిలో మాత్రం ఫోన్ మోగదు. అందుకే బుధవారం మధ్యాహ్నాలు పిల్లలకి మామూలు వయొలిన్ చెబుతాను, ఇక్కడ చాలా బళ్లు ఆ రోజు ఒంటిపూటే. పదకొండు మంది ఉన్నారు. ఆ పదకొండు మందే నా పెన్షన్!

డబ్బు ఎగ్గొట్టడాలూ ఉంటాయి. ఒక దేశంలో ఒక ఉత్సవానికి వాయించిన డబ్బు పదకొండు నెలలకి వచ్చింది. అదీ వాళ్ల గుమాస్తా పుట్టినరోజు కనుక్కుని శుభాకాంక్షలు పంపిన తరవాత. రికార్డింగుల మీద ఆశ పెట్టుకోవద్దనండి. హార్నన్‌కోర్ట్, డచ్ హార్ప్సికార్డ్ విద్వాంసుడు లియోన్‌హార్ట్ కలిసి 1971లో మొదలుపెట్టి బాఖ్ చర్చి కోసం రాసిన కాంటాటాలన్నీ రికార్డు చేయడానికి దాదాపు ఇరవయ్యేళ్లు పట్టింది, కంపెనీ అంతకాలం ఖర్చు పెట్టింది. ఇప్పుడు చాలా బృందాలు తామే డబ్బు పోగుచేసి రికార్డు చేసుకుంటున్నాయి. అది విజిటింగ్ కార్డు లాంటిది, అంతే.

ఇంకో చిట్కా, నా స్వార్థం వదులుకుని చెబుతున్నాను. వియోలా కూడా నేర్చుకోమనండి. బరోక్ వయొలిన్ వాళ్లు వీధికి పది మంది, వియోలా వాళ్లు తక్కువ. వయొలిన్‌తో వచ్చిన నా స్నేహితురాళ్లలో ఇద్దరు ఎదురుచూసి ఎదురుచూసి మానేశారు. నాకన్నా బాగా వాయించేవాళ్లు.

ఖర్చు సంగతి. మొదట్లో కొత్త వయొలిన్ అక్కర్లేదు, కమాను మంచిది కొనివ్వండి. పేగు తీగ పలికేది కమానుతోనే. శ్రుతి కూడా మారుతుంటుంది. బాఖ్‌కి మామూలుగా ‘ఎ’ స్వరం సెకనుకి 415 కంపనాలు, ఇవాళ్టి 440 కన్నా అరస్వరం తక్కువ. ఫ్రెంచ్ సంగీతానికి 392, మోజార్ట్‌కి 430. ఒకే వారంలో మూడూ పడితే పేగు తీగలు అలుగుతాయి, కాబట్టి ఎప్పటికైనా రెండో వయొలిన్ తప్పదు. చలికాలం చర్చిలో ప్రేక్షకుల కోసం హీటర్ వేస్తారు చూడండి, అప్పుడు తీగలు జారిపోవడం మొదలవుతుంది, ఒక్కోసారి పుటుక్కుమంటుంది. మీ అమ్మాయి బిల్లులు చూసి కంగారు పడకండి.

పారిస్ అల్లుడు:

మా ఆవిడ ఇక్కడ బరోక్ బృందాల్లో పాడుతుంది. ఫ్రాన్స్‌లో కళాకారులకి వేరే ఏర్పాటుంది. 12 నెలల్లో 507 గంటల పని చూపిస్తే, పని లేని రోజులకి భృతి ఇస్తారు. కచేరీని 12 గంటల కింద లెక్కేస్తారు, అంటే దాదాపు 43 కచేరీలు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఆ లెక్కే అంటించి ఉంటుంది, పాల లెక్కలాగా. ఇంటి లోనుకి వెళ్తే, ఆవిడ ఏడాది జీతం స్లిప్పుల మీద 19 మంది యజమానుల పేర్లు చూసి బ్యాంకు అమ్మాయి నన్ను పక్కకి పిలిచి "మీ జీతం మీదే రాద్దామా?" అంది. ఇంట్లో ఒకరికైనా నెల జీతం ఉంటే ఈ పని హాయిగా సాగుతుంది. మొహమాటం లేకుండా చెప్పాలంటే అదే నిజం.

ఎడిసన్ నాన్న:

చెల్లెమ్మా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. మీరు చెప్పినది అమ్మాయికి చదివి వినిపించాను. వియోలా మాట వినగానే "నేను చెబితే నవ్వావుగా" అంది. అయితే యూరప్‌లో వీసా ఎలా? జూలియార్డ్ అయితే ఇంటికి దగ్గర కదా?

హేగ్ వియోలా:

జూలియార్డ్‌లో ఈ విభాగం 2009లో మొదలైంది. మాస్టర్స్, గ్రాడ్యుయేట్ డిప్లొమా ఉన్నాయి, ట్యూషన్ ఫీజు లేదు. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వస్తే కళ్లకద్దుకుని వెళ్లమనండి. ఎడిసన్ నుంచి రైలుంది, అద్దె కూడా మిగులుతుంది. తరవాత న్యూయార్క్, బోస్టన్, శాన్ ఫ్రాన్సిస్కోలో పని ఉంది గానీ ఆ ఊళ్ల మధ్య చాలా దూరం, మా రైళ్లలాగా కాదు.

వీసాలో మీ అమ్మాయికి నాకు లేని అదృష్టం ఉంది. అమెరికా పౌరులకి నెదర్లాండ్స్‌తో 1956 నాటి స్నేహ ఒప్పందం ఒకటుంది. దాని కింద సొంత వ్యాపారం పేరుతో, 4,500 యూరోలు పెట్టుబడిగా చూపించి ఇక్కడ ఉండొచ్చు. ఫ్రీలాన్స్ సంగీతం కూడా ఆ లెక్కలోకి వస్తుంది. నాది ఇండియా పాస్‌పోర్టు. చదువయ్యాక పని వెతుక్కోవడానికి ఇచ్చే ఒక్క ఏడాది పర్మిట్ మీద నెట్టుకొచ్చి, ఆ తరవాత కాయితాల కోసం నేను ఎక్కిన మెట్లు సింహాచలం మెట్ల కన్నా ఎక్కువ. ఇక్కడి చదువు ఫీజు మాత్రం యూరప్ వాళ్లకి ఒకటి, మనకి దాని కన్నా బాగా ఎక్కువ. అది ముందే లెక్క చూసుకోండి. బాసెల్‌లో స్కోలా అనే పాత సంగీతపు బడి 1933 నాటిది, చదువు గొప్పది, ఊరి ఖర్చు మాత్రం భయంకరం.

ఇంకోటి. అమ్మాయికి కర్ణాటకం కాస్తయినా వచ్చా? ఇటలీ వయొలిన్ విద్వాంసుడు కొరెల్లి 1700లో అచ్చేసిన సొనాటాల్లో నెమ్మది భాగాలు చూస్తే కాయితం మీద నాలుగు స్వరాలే ఉంటాయి, మిగతాది వాయించేవాళ్లు అల్లుకోవాలి. మొదటి ఏడాది క్లాసులో అందరూ పెన్సిల్ పట్టుకుని రాసుకుంటుంటే, నేను విజయనగరంలో అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరానికి తిన్న తిట్లు గుర్తు తెచ్చుకుని వాయించేశాను. ఆ తరవాతే నాకు మొదటి పిలుపు వచ్చింది.

అత్తగారితో ఒక్క మాట చెప్పండి. గుళ్లో మోగే మృదంగానికి రెండు వైపులా కట్టింది ఏమిటో అడగండి.

ఎడిసన్ నాన్న:

అడిగాను. "అది వేరు" అన్నారు. కానీ ఈ రోజు పొద్దున అమ్మాయి హాల్లో వాయిస్తుంటే, దేవుడి గది తలుపు తెరిచే ఉంచారు.