సొంత పొలం లేని కుర్రాళ్లు కౌలుకు దిగాలా, వద్దా?

తణుకు కుర్రాడు: బీకాం చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేశాను. చేతిలో మూడు లక్షలున్నాయి. మా ఊరి దగ్గర నాలుగెకరాలు కౌలుకిస్తామంటున్నారు, సార్వాకు (వానాకాలం వరికి) ఎకరానికి పదిహేను బస్తాల ధాన్యం కౌలట. ఫ్రెండ్సేమో యువరైతులకు బోలెడు పథకాలున్నాయి, దిగిపో అంటున్నారు. నాన్నేమో సెంటు భూమి లేకుండా వ్యవసాయం ఏమిటంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గోదావరి గట్టు: మీ నాన్నగారి మాట వినండి తమ్ముడూ. ఎకరానికి ముప్పై బస్తాలు పండాయనుకుందాం. అందులో పదిహేను కౌలుకే పోతాయి. మిగిలిన పదిహేను బస్తాలంటే, 75 కిలోల చొప్పున పదకొండుంపావు క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, అంటే 26,650 దాకా వస్తుంది. దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషన్ అన్నీ కలిపి అంతకు తక్కువలో ఎవరికైనా అవుతోందా? పైగా ముంపు వచ్చినా, దోమ పట్టినా కౌలు బస్తాలు ఇచ్చి తీరాలి.

ఆకుకూరల అన్న: వరితో లెక్క వేస్తే ఎవరికైనా నష్టమే కనిపిస్తుంది. ఈ అబ్బాయిని వరే వేయమని ఎవరన్నారు? నేనూ కౌలు రైతునే, హైదరాబాద్ శివార్లలో ఎకరం లోపే చేస్తున్నాను. పాలకూర, కొత్తిమీర నెల తిరిగేసరికి డబ్బు చేతికిస్తాయి. నాలుగెకరాలు వద్దు, అరెకరంతో మొదలుపెట్టమనండి. అసలు దిగొద్దనడం మాత్రం అన్యాయం.

గోదావరి గట్టు: మీ పక్కన హైదరాబాద్ ఉంది అన్నా. డెల్టాలో సార్వాకు చేలో నీళ్లు నిలబడతాయి. అక్కడ కొత్తిమీర ఎక్కడ వేస్తాడు?

ఆకుకూరల అన్న: అయితే మెరక చూసుకోవాలి. చూడకముందే వద్దనడమెందుకు?

నల్గొండ బత్తాయి: పథకాల సంగతి నేను చెప్తాను. మా దగ్గర 2018లో రైతుబంధు పట్టాదారుకే వచ్చింది. ఇప్పుడు రైతుభరోసా కింద ఎకరాకు సీజన్‌కు ఆరు వేలు, అదీ పట్టా ఉన్నాయనకే. పీఎం కిసాన్ ఏడాదికి ఆరు వేలు, కౌలు రైతుకు అందులో చోటే లేదు. దున్నేది ఒకరు, పైసలు పడేది ఇంకొకరి ఖాతాలో. మాది అంతా నోటిమాట కౌలు, కాగితం ముచ్చటే ఉండదు.

తణుకు కుర్రాడు: ఆంధ్రాలో కౌలు కార్డు ఉంది కదా? దాంతో లోన్ ఇస్తారన్నారు.

పాస్‌బుక్ ఓనర్: ఉంది. 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం అది, గడువు పదకొండు నెలలు. దానికి భూయజమాని సంతకం కావాలి. చిక్కంతా అక్కడే. నాకు రెండెకరాలుంది, నేను ఊళ్లో ఉండను, కౌలుకిచ్చాను. నేనూ సంతకం పెట్టలేదు. తిట్టేముందు కారణం వినండి. 1956 కౌలు చట్టం నాటి నుంచి ఇళ్లలో ఒకటే మాట: కాగితం రాసిస్తే రేపు హక్కంటారు. కొత్త చట్టంలో యజమాని హక్కుకు ఢోకా లేదని ఉన్నా ఆ భయం పోలేదు. ఇంకోటి, ఆ పొలం మీద చాలామంది ఓనర్లు ముందే పంట రుణం తీసుకుని ఉంటారు. అదే సర్వే నంబరు మీద కౌలుదారుకు రెండో రుణం ఇమ్మంటే బ్యాంకు వాళ్లు ఒప్పుకోరు. ఇదంతా తెలిసే ఓనర్లు మాట దాటేస్తారు.

నల్గొండ బత్తాయి: మొత్తానికి డబ్బు మీకు, కష్టం ఆయనకు. నిజం చెప్పినందుకు థ్యాంక్స్.

పాస్‌బుక్ ఓనర్: కోపం న్యాయమే. ప్రభుత్వం కౌలుదారుడిని నేరుగా గుర్తిస్తే నాకు అభ్యంతరం లేదు. నా సంతకం మీద ఆధారపెట్టినంత కాలం నాలాంటివాళ్లు వెనకాడతారు.

డ్రోన్ అక్క: అందరూ పొలం చుట్టూనే తిరుగుతున్నారేమిటి? భూమి లేనివాళ్లు సేవల వైపు నుంచి రావచ్చు. నమో డ్రోన్ దీదీలో మహిళా సంఘాలకు డ్రోన్ ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా ఎనిమిది లక్షలు సబ్సిడీ. మా సంఘంలో పైలట్‌ని నేనే. మందు కొట్టే పని సీజన్‌లో తెరిపి లేకుండా ఉంటుంది, మిగతా నెలల్లో ఖాళీ. ఆ ఖాళీ సంగతి ఎవరూ చెప్పరు. బాబూ, మీకు చెల్లెలో వదినో సంఘంలో ఉంటే అడగండి.

డిప్లొమా బ్రో: రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ చూసే అగ్రి క్లినిక్ పథకం (రైతులకు సలహాలు, సేవలు ఇచ్చే కేంద్రాలు పెట్టించేది) కూడా ఉంది, 2002 నుంచి నడుస్తోంది. 45 రోజుల ఉచిత శిక్షణ, ఆ తర్వాత ప్రాజెక్టు రుణం మీద 36 శాతం సబ్సిడీ, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 44.

గోదావరి గట్టు: అబ్బాయి బీకాం అని పైనే రాశాడు. అది వ్యవసాయం, దాని అనుబంధ కోర్సులు చదివినవాళ్లకు. ఫ్రెండ్స్ ఇచ్చే లిస్టులన్నీ ఇలాగే ఉంటాయి, అర్హత లైను ఎవరూ చదవరు.

డిప్లొమా బ్రో: సరే, అయితే పీఎంఎఫ్ఎంఈ. చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం పథకం, 35 శాతం సబ్సిడీ, పది లక్షల దాకా. పొలం పాస్‌బుక్ అడగరు, పది శాతం మాత్రం సొంతంగా పెట్టుకోవాలి. కారం, పసుపు పట్టే మిషన్ పెట్టుకోవచ్చు.

పల్నాడు మిరప: కారం అనగానే గుర్తొచ్చింది. 2025 మొదట్లో మిరప రేటు పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు ఏళ్లలో నల్ల తామర పురుగు తినేసింది. అలాంటి ఏడాది రైతుకు నష్టం, కారం పట్టేవాడికి సరుకు చౌక. నేను రైతుని కాబట్టి ఏడుపొస్తోంది గానీ, కుర్రాడికి మిషనే మేలు. కాకపోతే ఆ కారం కొనేవాళ్లను ముందు చూసుకోవాలి.

తణుకు కుర్రాడు: వరి ఆలోచన పక్కన పెడుతున్నాను. ఓనర్‌ని సంతకం అడుగుతాను, పెట్టనంటే ఆ నాలుగెకరాలు వదిలేస్తాను. కార్డు లేకుండా లోన్‌కు ఇంకే దారైనా ఉందా?

పాస్‌బుక్ ఓనర్: ఉంది, కౌలు రైతుల జేఎల్‌జీ, అంటే ఉమ్మడి బాధ్యత గ్రూపు. నలుగురి నుంచి పది మంది కలిసి గ్రూపుగా తీసుకుంటారు, భూమి తాకట్టు అక్కర్లేదు. ఒకడు కట్టకపోతే మిగతావాళ్ల మీద పడుతుంది, అందుకని మనుషుల్ని చూసి చేరండి. ఒకవేళ ఓనర్ సంతకం పెడితే, ముందు ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే చోట) మీ పేరు ఎక్కించుకోండి. ధాన్యం డబ్బు, నష్టపరిహారం అక్కడ ఉన్న పేరుకే వస్తాయి.

గోదావరి గట్టు: బస్తాల లెక్క కాకుండా పండినదాంట్లో వాటాకు ఇస్తారేమో కూడా అడగండి తమ్ముడూ.