పెద్దవాళ్ల షుగర్ లెక్క బీమా క్లెయిమ్‌లతో తేలుతుందా?

లెక్కల శీను: 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్లు నిండిన వాళ్లకి, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల కవరేజీ ఉంది. ఆ క్లెయిమ్‌లు కలిపి చూస్తే ఏ జిల్లాలో పెద్దవాళ్లకు షుగర్ ముదురుతోందో తెలుస్తుంది. ముందే ఫోన్ చేసి కళ్లు, పాదాలు చూపించుకోమనొచ్చు. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో, రెండేళ్లలో బిల్లు మీద షుగర్ జబ్బు కోడ్‌తో ఒక అడ్మిషన్ గానీ రెండు ఓపీ క్లెయిమ్‌లు గానీ ఉంటే లెక్కలో వేసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

గోదారిగట్టు: మన దగ్గర ఓపీ క్లెయిమ్ ఎక్కడిదండీ? అడ్మిట్ అయితేనే కదా ఆయుష్మాన్! మా ఊళ్లో షుగర్ బిళ్లలు మెడికల్ షాపులో కొంటారు, లేదంటే పీహెచ్‌సీలో ఉచితంగా తెచ్చుకుంటారు. వేలు తీసేసే దాకా వస్తే గానీ మీ లెక్కలోకి రారు.

స్వాతి_కెపి: నాన్నకి 72. కార్డు ఎక్కడ చేయించాలి?

పాతకాపు: ఆధార్ ఉంటే యాప్‌లోనే అవుతుందమ్మా.

లెక్కల శీను: తక్కువ కనిపిస్తుంది, నిజమే. మరి సర్వేలు మాత్రం? దేశంలో 10 కోట్ల మందికి షుగర్ అని చెప్పిన ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) సర్వే 2008లో మొదలై, అన్ని రాష్ట్రాలూ తిరిగేసరికి 2020 అయింది. క్లెయిమ్‌లు రోజూ వస్తాయి.

గోదారిగట్టు: రోజూ వచ్చినా ఓపీ లేదు.

లెక్కల శీను: మీకు ఓపీ తప్ప ఇంకోటి పట్టదా?

గోదారిగట్టు: పట్టదు! మా నాన్న గుండె ఆపరేషన్ క్లెయిమ్‌ని ఒక ప్రైవేటు కంపెనీ కొట్టేసింది. పాత ఓపీ చీటీలో షుగర్ అని ఉందట. ఫారంలో 'లేదు' అని టిక్కు పెట్టింది ఏజెంటు. పొలం తాకట్టు పెట్టి కట్టాం.

లెక్కల శీను: బాధాకరమే. కానీ అది ఏజెంటు చేసిన పని, డేటాది కాదు.

పాతకాపు: శీను గారూ, కాస్త చూసి మాట్లాడండి.

లెక్కల శీను: నేనడిగేది పేర్లు తీసేసిన జిల్లా లెక్కలేనండీ.

గోదారిగట్టు: పేర్లు తీసేస్తే ఫోన్ ఎవరికి చేస్తారు? మొదట్లో మీరన్నదే కదా.

లెక్కల శీను: పేర్లు ప్రభుత్వం దగ్గరే ఉంచాలి.

గోదారిగట్టు: కొన్ని రాష్ట్రాల్లో ఆ పథకాన్ని నడిపేదే బీమా కంపెనీలు.

లెక్కల శీను: అయితే బీమా కంపెనీ కాకుండా ప్రభుత్వ ట్రస్టు నడిపే చోట మొదలుపెడదాం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ ట్రస్టే ఉంది.

గోదారిగట్టు: ట్రస్టయితే పెట్టుకోండి. ప్రైవేటు పాలసీ రెన్యువల్ అప్పుడు ఆ జాబితా అటు పోదని రాసిస్తేనే మా నాన్న పేరు ఇస్తా.