నొప్పి లేకుండా గుండెపోటు వస్తుందా?

పర్లాకిమిడి నుంచి:
మా అమ్మకు 61 ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది. గత ఆదివారం ఉదయం అయిదింటికి పొయ్యి దగ్గరే కూలబడిపోయింది. గుండెల్లో నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. దవడ లాగుతోందని, వాంతి వచ్చేలా ఉందని అంది. ఫ్యాను కింద కూర్చోబెట్టినా జాకెట్టు తడిసిపోయేంత చెమట. రాత్రి తిన్న పనసకాయ కూర అరగలేదనుకుని వాము నీళ్లు, ఆ తర్వాత సోడా తాగించాను. ఈసీజీ తీసేసరికి తొమ్మిదయింది. గుండెపోటు అన్నారు. బతికింది గాని గుండె కండరం కొంత దెబ్బతింది. నా చేతులతో ఆ సోడా పట్టించాననే బాధ పోవడం లేదు. నాన్నకూ షుగరు ఉంది. ఈసారి ఎలా గుర్తుపట్టాలి?

గుణుపురం నుంచి, విశ్రాంత నర్సు:
వస్తుందమ్మా. ఏళ్ల తరబడి షుగరు ఉంటే నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో, వయసు పైబడినవారిలో ఒక్కోసారి ఆయాసం, వాంతి, వీపు నొప్పి, ఎన్నడూ లేని నీరసం, ఇవే కనిపిస్తాయి. గ్యాసేలే అని తెల్లవారేదాకా ఆగి వచ్చినవారిని వార్డులో ఎంతమందిని చూశానో! రక్తనాళం మూసుకున్నప్పటి నుంచి కండరం చచ్చిపోతూనే ఉంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షను 12 గంటల లోపు ఇవ్వవచ్చు గాని, మొదటి గంట, రెండు గంటల్లో పడితే దక్కేది చాలా ఎక్కువ. నాన్నగారికి అలా అనిపిస్తే నడిపించవద్దు, బండి వెనక కూర్చోబెట్టవద్దు. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా బాధ తగ్గకపోతే మళ్లీ తీయమని గట్టిగా అడగండి.

మిమ్మల్ని మీరు నిందించుకోకండి. 2019లో ప్రపంచంలో గుండె, రక్తనాళాల జబ్బులతో 1.79 కోట్ల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇలాంటి మరణాల్లో ముప్పాతికకు పైగా మనలాంటి దేశాల్లోనివే. మీరు పొరబడినట్టే ఎన్నో ఇళ్లలో పొరబడుతున్నారు.

కాశీనగరం నుంచి:
ఒక్క మాట. మా ఇంట్లో ఫోను ఒక్కోసారి ఆంధ్రా టవరును పట్టుకుంటుంది. 108కి చేసినప్పుడు ముందుగా ఒడిశా, గజపతి జిల్లా అని చెప్పి, ఆ తర్వాతే ఊరి పేరు చెప్పండి. మా బాబాయి విషయంలో ఆ అయోమయంతోనే చాలాసేపు వృథా అయింది.

పర్లాకిమిడి నుంచి:
నర్సమ్మగారూ, మీ జవాబు నాన్నకు చదివి వినిపించాను. మొన్న మేడ ఎక్కుతుంటే తనకూ ఆయాసం వచ్చిందని ఇప్పుడు చెబుతున్నారు. రేపు ఉదయమే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. రాత్రివేళ ఈసీజీ ఎక్కడ తీస్తారో కూడా అక్కడే అడిగి వస్తాను.