ఎర్ర మచ్చకు బీపీ మందా? ప్రొప్రనొలాల్ వాడిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారు?

బుజ్జమ్మ, ఖమ్మం:
మా పాపకు మూడో నెల. పుట్టిన పదిహేను రోజులకు కుడి కనురెప్ప మీద గోరింటాకు చుక్కలా కనబడిన మచ్చ, ఇప్పుడు రేగిపండంత అయింది. కన్ను సగమే తెరుస్తోంది. హెమాంజియోమా అట, అంటే రక్తనాళాలు గుంపుగా పెరిగి వచ్చే గడ్డ. ఆరు నెలలు ప్రొప్రనొలాల్ వేయాలన్నారు డాక్టరు. మందుల షాపతను చీటీ చూసి "ఇది బీపీ మందు కదమ్మా, పసిపిల్లకా?" అన్నాడు. అంతే, మా అత్తయ్య సీసా మూత తీయనివ్వడం లేదు. (గ్రహణం నాడు నేను వాకిట్లోకి వచ్చానని ఆవిడ లెక్క.) చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయా? ఇది వాడిన పిల్లలున్నవాళ్ళు చెప్పండి.

నానిగాడి నాన్న:
మావాడికి తొమ్మిదేళ్ళు. పై పెదవి మీద ఉండేది. వారానికే ఎరుపు తగ్గి ఊదా రంగుకు తిరిగింది. ఇప్పుడు నవ్వితే చిన్న ముడత, అంతే. ఎక్కాలు గడగడా చెబుతాడు, హోంవర్క్ అంటేనే మతిమరుపు. నెదర్లాండ్స్‌లో ఈ మందు వాడిన పిల్లల్ని బడి వయసులో పరీక్షిస్తే జ్ఞాపకశక్తిలో పెద్ద తేడా కనబడలేదని చదివాకే నాకు నిద్ర పట్టింది.

నా భయమంతా ఎప్పుడో వచ్చే దాని గురించి. పొరపాటు మాత్రం మందు వాడుతుండగానే ఓ రాత్రి చేశాను. వాడికి వాంతులు, పాలు ముట్టలేదు. మందు మానకూడదని సిరంజితో వేసేశాను. తెల్లారేసరికి ఒళ్ళంతా చల్లటి చెమట, మెడ వేలాడేసి పిలిస్తే పలకలేదు. షుగర్ పడిపోయింది. ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచాడు. పాలు తాగకపోతే ఆ పూట మందు వద్దు. పిల్లికూతలు వచ్చినా ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.

పద్మ, గుంటూరు:
మా అమ్మాయి 2005లో పుట్టింది. అప్పుడు స్టెరాయిడే దిక్కు. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి, ఎదుగుదల మందగించింది, ఆపాకే పుంజుకుంది. గుండె జబ్బుకు ఇచ్చిన ప్రొప్రనొలాల్‌తో మచ్చ కరుగుతోందని ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు గమనించి రాసింది 2008లో. మాకు మూడేళ్ళు ఆలస్యం! రెప్ప కన్నును మూసేస్తే ఆ కంటి చూపే సరిగా ఎదగదు. మచ్చ వేగంగా పెరిగే నెలలివి, వాయిదా వేయకండి.

బుజ్జమ్మ:
అత్తయ్యకు చదివి వినిపించాను. మూత తీశారు. మందు వేశాక కక్కేస్తే మళ్ళీ వేయాలా?

నానిగాడి నాన్న:
వద్దు. తర్వాతి డోసు వేళకే, అదీ పాలు తాగాకే.