త్రుబార్ ఎవరి మాటను అచ్చుకెక్కించాడు?

ప్రశ్న:
చెన్నైలో తరాలుగా ఉంటున్న మా ఇంట్లో "వస్తా ఉండాడు" అంటాము. ఆదివారాలు నేను తెలుగు నేర్పే పిల్లలు పుస్తకంలో "వస్తున్నాడు" అని చదివి, ఇంట్లో మాట్లాడేది తప్పా అని అడుగుతున్నారు. మధ్య ఐరోపాలోని స్లోవేనియా దేశపు స్లోవేనియన్ భాషలో ప్రొటెస్టెంట్లు జనం మాటకే గ్రంథగౌరవం తెచ్చారని విన్నాను. వారు తీసుకున్నది ఎవరి మాట? దయచేసి తెలియజేయగలరు.

మొదటి జవాబు:
ఆ ప్రొటెస్టెంట్లలో ముఖ్యుడైన ప్రిమోజ్ త్రుబార్ రాషిత్స అనే పల్లెలో 1508లో పుట్టి, నేటి స్లోవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో ప్రసంగాలు చేసి, మతం కారణంగా జర్మనీకి తరలిపోయిన మనిషి. 1550లో ట్యూబింగెన్‌లో అచ్చైన ఆయన క్రైస్తవ ప్రశ్నోత్తరి, అక్షరాభ్యాస పుస్తకం ఆ భాషలో తొలి అచ్చు పుస్తకాలు. పుట్టిన ప్రాంతపు పలుకుబడి, ల్యుబ్ల్యానా పట్టణపు మాట రెండూ ఆయన రాతలో కలిసే ఉంటాయి. వాటిలో ఏది మూలమన్నదానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ప్రశ్నోత్తరి ముందుమాటలో స్లోవేనియన్లందరినీ పలకరిస్తూ, కృప అనడానికి ఆయన "గ్నాద" అని రాశాడు. అది జర్మన్ నుంచి వచ్చి జనం నోట నానిన మాట. నేటి రచయితలు "మీలోస్త్" అంటారు. అయినా ఆ మాటను వాడినందుకు త్రుబార్‌ను తక్కువ చేయడం నాకు నచ్చదు, ఎందుకంటే వినేవారికి అర్థం కావడమే ఆయనకు ముఖ్యం.

రెండవ జవాబు:
ఒక్కరి రాతతో ప్రమాణభాష ఏర్పడదని చేర్చవలసి ఉంది. మరో ప్రొటెస్టెంట్ యూరీ దల్మాతిన్ అనువదించిన పూర్తి బైబిలును 1581లో ల్యుబ్ల్యానాలో ఒక సంఘం కూర్చుని పరిశీలించింది. 1584లో విటెన్‌బర్గ్‌లో సుమారు 1500 ప్రతులు అచ్చయ్యాయి. చివర ఒక పదపట్టిక ఉంది. అందులో ఒక ప్రాంతపు మాటకు ఇతర ప్రాంతాలవారు ఏమంటారో పక్కపక్కనే ఇచ్చారు. అదే ఏడు ఆదామ్ బొహొరిచ్ లాటిన్‌లో ఆ భాషకు తొలి వ్యాకరణం రాశాడు. ఆయన పేరుతో వెలిసిన లిపి 19వ శతాబ్దం దాకా నడిచింది. తరువాత కాథలిక్ పాలకులు ప్రొటెస్టెంట్ పుస్తకాలను తగలబెట్టించినా, దల్మాతిన్ బైబిలును మాత్రం అనుమతితో తమ పాదిరీలనే వాడుకోనిచ్చారు. భాష నిలబడింది ఇందువల్లనే అని నా నమ్మకం.

మూడవ జవాబు:
మన వైపు దారి వేరు. చిన్నయసూరి మద్రాసులో ఉండి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం కావ్యభాషకు కట్టుదిట్టం చేసింది. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు దశాబ్దాల తరువాత పోరాడవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ పదపట్టిక మాట నా మనసుకు హత్తుకుంది. వచ్చే ఆదివారం బోర్డు మీద "వస్తున్నాడు" పక్కనే "వస్తా ఉండాడు" కూడా రాసి, మీ ఇళ్లలో ఇంకేమంటారని పిల్లలను అడుగుతాను.